బెజవాడ రాత్రుళ్లు, మా అత్తయ్య కుర్చీ: ఎనిమిది శనివారాల రివ్యూ

ఇదంతా మా మరిది అన్న ఒక్క మాట వల్ల వచ్చింది. ఉగాదికి హైదరాబాద్ నుంచి వచ్చి, రాత్రి తొమ్మిదిన్నరకి మా బాల్కనీలో నిలబడి పటమట వీధిలోకి తొంగి చూసి, "ఏంటి వదినా, మీ ఊళ్లో అప్పుడే దుప్పట్లు కప్పేశారా" అన్నాడు. పుట్టింది ఇక్కడే, పదో తరగతి తప్పబోయింది ఇక్కడే, నాలుగేళ్లు గచ్చిబౌలిలో ఉద్యోగం చేసేసరికి 'మీ ఊరు' అయిపోయింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఏం చెప్పను? మేం రాత్రిపూట సరదాగా బయటికెళ్లి ఎన్నాళ్లైందో నాకే గుర్తులేదు. మా ఆయనకి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటుతుంది, స్నానం చేసి కంచం ముందు కూర్చుంటే తొమ్మిది, ఆ తర్వాత మా ఇంట్లో కూడా దుప్పట్లే.

అందుకని ఒక లెక్క పెట్టుకున్నాం. మా వాడి పరీక్షలు అయిపోయిన వారం నుంచి జూన్ 12న బడి తెరిచేదాకా, వీలున్న ప్రతి శనివారం రాత్రి ఊళ్లో మేం ఇంతవరకు వెళ్లని చోటికి వెళ్లాలి. ఎనిమిది శనివారాలు కుదిరాయి. నలుగురం: నేను, ఆయన, పదకొండేళ్ల మావాడు, మా అత్తయ్య. ఆవిడకి అరవై తొమ్మిది. మోకాళ్లు నొప్పులు, నోరు మాత్రం గట్టిది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. "తిండి ఎలా ఉన్నా సర్దుకుంటా. వీపు ఆనించుకోడానికి కుర్చీ ఉండాలి." మేం నవ్వుకున్నాం. నాలుగో వారానికల్లా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఊళ్లో కొత్తగా తెరిచిన చోట్లలో అన్నీ ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప.

ముందు ఈ చోట్లు ఎలా వెతికానో చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. మొదటి రెండు వారాలు రీల్స్ నమ్ముకున్నాను. రీల్స్‌లో ప్రతి చోటూ ఒకలాగే ఉంటుంది: ప్లాస్టిక్ ఆకుల గోడ, దాని మీద గులాబీ రంగు నియాన్ అక్షరాలు, డ్రై ఐస్ పొగ కక్కే గ్లాసు, "బెజవాడోళ్లకి తెలియని ప్లేస్" అని అరిచే కుర్రాడు. ఆ వీడియోని రెండు లక్షల మంది చూసి ఉంటారు, ఇంకా తెలియందెవరికో! మూడో వారం నుంచి పద్ధతి మార్చాను. మ్యాప్‌లో ఆ చోటు తెరిచి, రివ్యూలని కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోవడం, ఓనరు పెట్టిన ఫొటోలు వదిలేసి జనం తీసినవి చూడటం, వాటిలో మెనూ కార్డు ఫొటో ఉంటే ధరలు చూసుకోవడం. ఆ తర్వాత ఫోన్ చేసి రెండే రెండు ప్రశ్నలు. లాస్ట్ ఆర్డర్ ఎన్నింటికి? లిఫ్టు ఉందా? 'పదకొండు వరకు ఓపెన్' అని రాసుకున్న చోట కిచెన్ పదింటికే కట్టేస్తారని, మూడో అంతస్తు దాకా వచ్చే లిఫ్టు నాలుగో అంతస్తులో ఉన్న రూఫ్‌టాప్‌కి రాదని ఈ రెండు ప్రశ్నల వల్లే తెలిసింది.

మొదటి శనివారం గురునానక్ కాలనీ రోడ్డు. కేఫులకి ఇప్పుడు అదే అడ్డా. ఒకప్పుడు అటు వెళ్తే ఇళ్లు, కొబ్బరిచెట్లు, మహా అయితే ఒక పాలబూతు. ఇప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకి నడిస్తే కాఫీ వాసన, వేయించిన చీజ్ వాసన, కారు పెట్టుకోడానికి చోటు కోసం తిట్టుకునే జనం. మేం వెళ్లిన కేఫ్ పేరు చెప్పను. కోల్డ్ కాఫీ బాగుంది, 220 రూపాయలు, అందులో సగం ఐసు. కూర్చోడానికి మూడు రకాలు పెట్టారు: కాళ్లు నేలకి ఆనని ఎత్తు స్టూళ్లు, నేల మీద పరుపుల్లాంటి దిండ్లు, గొలుసులకి వేలాడే ఉయ్యాల. అత్తయ్య మూడింటినీ తేరిపార చూసి ఉయ్యాల ఎంచుకుంది. కాఫీ గ్లాసు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ, "ఒరేయ్, దీన్ని ఆపరా" అని కొడుకుని కేకేస్తుంటే, పక్క టేబుల్ కాలేజీ పిల్లలు ఫోన్లు తీశారు. కాకపోతే ఆ పిల్లల్లో ఒకమ్మాయి లేచొచ్చి, "మామ్మగారూ, మీరు ఇక్కడ కూర్చోండి" అని తన కుర్చీ ఇచ్చి తను ఉయ్యాల ఎక్కింది. ఆ కేఫ్‌లో వీపున్న కుర్చీలు మొత్తం నాలుగు. లెక్కపెట్టాను.

రెండో వారం రూఫ్‌టాప్. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఊళ్లో ఎవరు కొత్తగా తెరిచినా మేడ మీదే తెరుస్తున్నారు.

ఎండాకాలంలో బెజవాడలో రూఫ్‌టాప్ అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు. చుట్టూ రాతికొండలు, మధ్యలో సిమెంటు, పగలంతా కాగిన స్లాబు రాత్రి తొమ్మిదింటికి కూడా పొయ్యి మీంచి దించిన అట్లపెనంలా సెగ వదులుతూనే ఉంటుంది. పైన నీళ్లు చిమ్మే ఫ్యాన్లు పెట్టారు. చల్లదనం సంగతి ఏమో గానీ నా చీర కొంగు, టిష్యూ పేపర్లు, మావాడి ఫ్రెంచ్ ఫ్రైస్ తడిశాయి. గాలి తిరిగినప్పుడు మాత్రం, నిజం చెప్పాలి, దూరంగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు, కింద బందరు రోడ్డు మీద చీమల బారులా వాహనాలు, మన ఊరేనా అనిపించింది. ఆ చూపుకి డబ్బులిచ్చినా తప్పులేదు.

మెనూ కార్డు లేదు, టేబుల్ మీద స్కాన్ చేసుకునే స్టిక్కరు. "మెనూ ఏదమ్మాయ్?" "ఫోన్‌లో ఉంది అత్తయ్యా." "మరి వాళ్లు ఫోన్ తెచ్చివ్వరా?" నాకూ అదే డౌటు. మా ఆయన ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు ఆవగింజలంత. చివరికి వెయిటరే నిలబడి ఇరవై రకాల స్టార్టర్లు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. అపోలో ఫిష్ అదిరింది, కరివేపాకు కరకరలాడుతూ, చేప లోపల మెత్తగా. పనీర్ మెజెస్టిక్ పర్వాలేదు. బిర్యానీ మాత్రం ఎవరూ మేడ మీద తినకండి, ఎందుకంటే వంటిల్లు కింద ఉంటుంది, మెట్లెక్కి వచ్చేసరికి ఆ గిన్నెలో ఆవిరి ఉండదు.

స్టేజీ మీద గిటారు కుర్రాడు. స్పీకరు మా టేబుల్ వైపే తిరిగి ఉంది. మేం నలుగురం సైగలతో మాట్లాడుకున్నాం. సౌండు తగ్గించమని అడిగితే తగ్గించారు, పది నిమిషాలకి మళ్లీ దానంతటదే పెరిగింది. అప్పుడు అత్తయ్య టిష్యూ పేపరు మీద 'ఘంటసాల పాట ఏదైనా' అని రాసి మావాడితో పంపింది. ఆ కుర్రాడు చదివి, నవ్వి, గిటారు పక్కనపెట్టి, వట్టి గొంతుతో ఒక చరణం పాడాడు. ఆ రెండు నిమిషాలు మేడంతా మాటలు ఆగిపోయాయి. ఓ పెద్దాయన వేళ్లతో టేబుల్ మీద తాళం వేశాడు. ఇంత గొంతు ఉన్నవాడితో రాత్రంతా ఆ హోరు ఎందుకు పెట్టిస్తున్నారో!

ఇక బిల్లు. తిండి 2,480. దాని కింద సర్వీస్ ఛార్జీ పది శాతం, 248. ఆ రెండూ కలిపిన మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ, 136 రూపాయల 40 పైసలు. అంతా కలిపి 2,864 చిల్లర. నేను సర్వీస్ ఛార్జీ తీసేయమన్నాను. "మా పాలసీ మేడమ్" అన్నాడు మేనేజరు. మా ఆయన నా మోచేయి గిల్లుతూ, "వదిలెయ్యవే, రెండొందల అరవై కోసం" అంటాడు. ఆటోనగర్‌లో పది రూపాయల నట్టు కోసం అరగంట బేరమాడే మనిషి! వదల్లేదు. సర్వీస్ ఛార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. ఇష్టమైతే మనమే టిప్ ఇవ్వచ్చు, వాళ్లు వేసెయ్యకూడదు. ఇదంతా గొంతు పెంచకుండానే చెప్పి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు గురించి కూడా ఒక మాట అన్నాను. రెండు నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది, 2,604. అడిగితే తీసేస్తున్నారంటే వాళ్లకీ తెలుసన్నమాట. మిగిలిన దాంట్లో వంద గిటారు కుర్రాడి డబ్బాలో, వంద వెయిటర్ చేతిలో పెట్టి వచ్చాం. నీళ్ల బాటిల్ మీద మాత్రం గొడవ పడకండి. కూర్చోబెట్టి వడ్డించే హోటల్లో బాటిల్‌కి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పేసింది. "మామూలు నీళ్లు తెండి" అంటే అయిపోతుంది.

కుర్చీల సంగతి మర్చిపోయాను. వీపు ఉంది, ఇనుప ఊచలతో. గంటన్నరకి అత్తయ్య వీపు మీద చారలు పడ్డాయట. "కుర్చీయే గానీ, కుర్చీ కాదు" అని తీర్పు.

కానూరు వైపు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల పుణ్యమా అని మండీ హోటళ్లు బాగా లేచాయి. మండీ అసలు యెమెన్ వంట, హైదరాబాద్‌లో అరబ్బు మూలాలున్న కుటుంబాలుండే బార్కస్ మీదుగా మన దాకా వచ్చింది. అసలు వంటలో ఘాటు ఉండదు, మాంసం నెమ్మదిగా మగ్గి దాని రసం అన్నంలోకి దిగడమే రుచి. మన దగ్గరికొచ్చేసరికి దాని మీద కారం చల్లిన ఫ్రై పీసులు, జీడిపప్పు, పక్కన మయొనైజ్, మధ్యలో ఉడికించిన గుడ్డు, చూస్తే యెమెన్ వాళ్లు కూడా పోల్చుకోలేరు. పళ్లెం చుట్టూ నలుగురూ కింద కూర్చుని తినాలి. చిన్నప్పుడు పెళ్లిళ్లలో బంతి భోజనం కూడా కిందే కూర్చుని తిన్నాం, కానీ ఇప్పుడు అత్తయ్య కూర్చుంటే లేవదీయడానికి క్రేన్ కావాలి, ఆటోనగర్ నుంచి తెప్పించాల్సిందే. ఆవిడే అన్న మాట ఇది, నాది కాదు. ఆవిడకి పక్కన విడిగా స్టూలు వేసి, చేతికి చిన్న కంచం ఇచ్చారు. అందరూ ఒకే పళ్లెంలో తింటుంటే ఆవిడ మాత్రం ఎత్తున విడిగా కూర్చుని తినడం నాకు బాధనిపించింది. ఆవిడకేం అనిపించలేదు, మా ముక్కల మీద ఓ కన్నేసి "ఆ లెగ్ పీసు వాడికి పెట్టు" అని పైనుంచి అజమాయిషీ చేసింది. తిండికైతే నూటికి ఎనభై మార్కులు. చేతులు కడుక్కునే చోట మురుగు వాసనకి అందులో ఇరవై కోసేశాను.

గేమ్ జోన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కార్డు కొనాలి, అందులో డబ్బులేయాలి, మిగిలిన బాలెన్సు వెనక్కి ఇవ్వరు, ఆట ధరలు ఎలా పెడతారో గానీ ఎప్పుడూ ఓ నలభై మిగిలేలా ఉంటాయి. ఆ నలభై కోసం మళ్లీ వెళ్తే రెండొందలు వేయిస్తారు. మావాడు మళ్లీ వెళ్దామంటాడు. వెళ్లం.

సినిమాకి బందరు రోడ్డులో మాల్‌కి వెళ్లాం, సెకండ్ షో. సీట్లు మెత్తగా, వెనక్కి వాలేలా ఉన్నాయి, అత్తయ్య మొహం వెలిగిపోయింది. ఆవిడ ఇంటర్వెల్‌కే నిద్రపోయింది కాబట్టి సినిమా మీద అభిప్రాయం లేదు. బయటి తిండి రానివ్వకపోవడం హాలు వాళ్ల ఇష్టమే కానీ, తాగే నీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగితే చూపించారు, మూల ఫిల్టరు, గ్లాసు లేదు. బాటిల్ ఖాళీది తీసుకెళ్లండి.

ఇంటికొస్తూ కార్లో ఆవిడకి నిద్ర తేలిపోయి పాత సంగతులు మొదలుపెట్టింది. ఆంధ్రలో తొలి సినిమా హాళ్లలో ఒకటి 1921లో మారుతీ సినిమా పేరుతో ఈ ఊళ్లోనే వెలసింది, సినిమాలు పంచే ఆఫీసులన్నీ గాంధీనగర్‌లో ఉండేవి. కాబట్టి అప్పట్లో బెజవాడలో రాత్రి అంటేనే సెకండ్ షో. ఆవిడ పెళ్లైన కొత్తలో మామయ్యగారితో సెకండ్ షో చూసి, అర్ధరాత్రి దాటాక గోళీ సోడా తాగి, రిక్షాలో సత్యనారాయణపురం దాకా వచ్చేవాళ్లట. "రిక్షాకి వీపు ఉండేది" అని గుర్తుచేసింది. నైట్ లైఫ్ అని మనం ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడతాం గానీ, అర్ధరాత్రి సోడా తాగిన వాళ్లు మన ఇంట్లోనే ఉన్నారు.

ఆరో వారం నేనేదీ వెతకలేదు. బస్టాండు దగ్గర పనుండి వెళ్లిన మా ఆయన, తుమ్మలపల్లి కళాక్షేత్రం ముందు బ్యానరు చూసి ఫోన్ చేశాడు. సాయంత్రం ఆరున్నరకి నాటకం, ప్రవేశం ఉచితం. కొత్త చోటు కావాలన్నాం కదా, కళాక్షేత్రం కొత్తేమిటి అనుకున్నాను, తర్వాత లెక్కవేస్తే నేను లోపలికి అడుగుపెట్టి పద్నాలుగేళ్లు. అంటే మావాడికి కొత్తే, నాకూ దాదాపు కొత్తే. వరసగా కుర్చీలు, వీపు, చేతులు పెట్టుకోడానికి చోటు. నాటకంలో ఆస్తి పంపకాల గొడవ, తమ్ముడి వేషం వేసినాయన ముందు వరసలో ఉన్న మమ్మల్నే తిడుతున్నట్టు చూసి తిట్టాడు, మావాడు భయపడి నా చెయ్యి పట్టుకున్నాడు. మైకు రెండుసార్లు కీచుమంది. ఒకచోట తలుపు సెట్టు ఊగింది. అయినా మావాడు ఫోన్ అడగలేదు, రెండు గంటలు. డబ్బులిచ్చిన ఏ చోటా ఈ అద్భుతం జరగలేదు. బెజవాడలో రాత్రిపూట ఏం చేయాలని అడిగేవాళ్లు కళాక్షేత్రం, మొగల్రాజపురంలో సిద్ధార్థ ఆడిటోరియం, గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయం, వీటి ముందు బ్యానర్లు చూసుకుంటూ తిరగండి. రీల్స్‌లో కనబడవు.

బయటికొచ్చేసరికి తొమ్మిది దాటింది. నేరుగా స్వరాజ్ మైదానం వైపు వెళ్లాం. అత్తయ్యకి అది ఇంకా పీడబ్ల్యూడీ గ్రౌండ్సే, ఒకప్పుడు జనవరి వస్తే పుస్తకాల ఎగ్జిబిషన్ అక్కడే పెట్టేవాళ్లు. ఇప్పుడు 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, కింద 81 అడుగుల పీఠం, 2024 జనవరిలో తెరిచారు. రాత్రి దీపాల వెలుతురులో దూరం నుంచి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. కారాపి బయటినుంచే చూసి కదిలాం, ఆకలేస్తోంది.

ఆ ఆకలే మమ్మల్ని స్టేడియం రోడ్డుకి తీసుకెళ్లింది. ఇందిరాగాంధీ స్టేడియం పక్కన రాత్రిపూట నడిచే ఫుడ్ కోర్టు. ఊళ్లో అందరికీ తెలిసిందే, మేమే ఎప్పుడూ ఆగలేదు. బళ్లన్నీ వరసగా, పైన బల్బులు, మధ్యలో జనం. షాపులు కట్టేసి వచ్చినవాళ్లు, హాస్టల్ పిల్లలు, పెళ్లి బట్టలు కొనుక్కుని సంచులతో కుటుంబాలు, చంకలో నిద్రపోతున్న బిడ్డతో ఒకావిడ పానీపూరి తింటోంది. ఇక్కడ రీల్స్ తీసేవాళ్లు లేరని కాదు, వాళ్లని ఎవరూ పట్టించుకోరు. ఎండ దెబ్బకి పగలంతా ఇళ్లల్లో దాక్కున్న ఊరు తొమ్మిది తర్వాత ఇలా బయటపడుతుందని మా మరిదికి ఎవరు చెప్తారు? వాడు చూసింది మా వీధి బాల్కనీలోంచి.

తినేముందు నూనె చూడండి. ఒక చికెన్ బండి దగ్గర మూకుడులో నూనె డికాక్షన్ రంగులో ఉంది, అంచుల్లో నురగ, వాసన గొంతుకి పట్టేస్తోంది. మళ్లీ మళ్లీ కాచిన నూనెకి ఆహార భద్రతా సంస్థ 2018లోనే హద్దు పెట్టింది, కాగేకొద్దీ నూనెలో పేరుకునే చెడు పదార్థాలు (టోటల్ పోలార్ కాంపౌండ్స్) 25 శాతం దాటితే వాడకూడదు. అది కొలిచే మీటరు మన చేతిలో ఉండదు కాబట్టి కన్నూ ముక్కూ నమ్ముకోవాలి. అక్కడి నుంచి నాలుగు బళ్లు దాటాక పునుగుల బండి. ఇక్కడ నూనెలోంచి మూకుడు అడుగు కనబడుతోంది.

ఆ పునుగులామె చెయ్యి చూస్తూ పది నిమిషాలు నిలబడ్డాను. పులిసిన పిండి గిన్నెలో వేళ్లు ముంచి, గుప్పిట బిగించి, బొటనవేలు పక్కనుంచి ఒక్కో ముద్దని నూనెలోకి జారవిడుస్తుంది. ఎనిమిది, తొమ్మిది, పది, చెయ్యి ఎక్కడా ఆగదు, నూనె చిట్లదు. అడుగుకి వెళ్లిన పునుగు బుడగలు కక్కుతూ పైకి తేలుతుంది, తేలి తనంతట తనే తిరగబడుతుంది. చిల్లుల గరిటెతో ఒక్కసారి కలియతిప్పి, ఎర్రబడుతుండగానే తీసేస్తుంది, "ఇంకాస్త వేగనివ్వమ్మా" అంటే "బయటికి తీశాక కూడా వేగుద్దండీ" అంది. నిజమే. కాగితం పళ్లెంలో మా చేతికొచ్చేసరికి పైన కరకర, లోపల పుల్లపుల్లగా దూదిలా. అల్లం పచ్చడి కాస్త తీపి ఎక్కువ, పల్లీ చట్నీ మాత్రం ఇంట్లో చేసినట్టే. ప్లేటు నలభై. రూఫ్‌టాప్‌లో ఇవే పునుగుల్ని చిన్న బకెట్‌లో పెట్టి 190కి అమ్ముతున్నారు. తిన్నాం కాబట్టే చెప్తున్నా.

ముంత మసాలా అతను ఇంకో రకం. మరమరాలు, తరిగిన ఉల్లిపాయ, టమాటా, వేయించిన పల్లీలు, కారం, నిమ్మకాయ పిండి, గిన్నెని చంకలో ఇరికించుకుని గరిటెతో టకటకలాడిస్తాడు. ఆ చప్పుడుకే పిల్లలు వస్తారు. మసాలా మధ్యలో పెట్టిన ముంతలో నిప్పులున్నాయి, ఆ సెగకి మరమరాలు మెత్తబడవు. మావాడికి ఈ నిప్పుల సంగతి గేమ్ జోన్ కంటే నచ్చింది. అడిగి మరీ దగ్గరికెళ్లి చూశాడు.

ఇంత బాగున్న చోట కుర్చీల్లేవు. ప్లాస్టిక్ స్టూళ్లు, అవీ ఖాళీ అయ్యేదాకా ఎవరి తల మీదనో నిలబడాలి. అత్తయ్య కారు తలుపు తెరిచి, సీట్లో కూర్చుని, కాళ్లు బయటపెట్టి తింది. వెనక బైకు వాళ్లు హారన్లు. పదినిమిషాలకోసారి తలుపు వేయడం, తీయడం. "ఇది తిండా, ట్రాఫిక్ డ్యూటీయా" అంది గానీ ఇంకో ప్లేటు పునుగులు తెప్పించుకుంది.

మర్నాడు మా ఆయన షాపు నుంచి వస్తూ మడతకుర్చీ ఒకటి కొనుక్కొచ్చాడు. అల్యూమినియం కాళ్లు, గుడ్డ సీటు, చేతులు కూడా ఉన్నాయి. బేరమాడి ఆరొందల యాభైకి తెచ్చానని రెండుసార్లు చెప్పాడు. ఏడో శనివారం, ఎనిమిదో శనివారం కొత్త చోటు అనే నియమం గాలికొదిలేసి స్టేడియం రోడ్డుకే వెళ్లాం. బళ్లకి ఈ చివర, ఎవరికీ అడ్డం లేకుండా, బల్బు కింద కుర్చీ వేస్తే అత్తయ్య మహారాణిలా కూర్చుంది. పునుగులు, ఆ తర్వాత బాదంపాలు. పావుగంటలో ఆవిడ చుట్టూ ఇద్దరు పెద్దావిడలు చేరారు, ఒకావిడది భవానీపురం, ఇంకొకావిడ గుణదల నుంచి మనవరాలితో వచ్చింది. మోకాళ్ల నూనెల పేర్లు, కోడళ్ల సంగతులు నడిచాయి. నేను వింటున్నానని తెలిసి కోడళ్ల సంగతులు కాస్త గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు గుణదల ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "ఈ కుర్చీలు ఇక్కడ అద్దెకిస్తారా అమ్మా?" అని అడిగింది. గంటకి ఇరవై చొప్పున ఇస్తే ఎంతొస్తుందో మా ఆయన కార్లో లెక్కలు వేయడం మొదలుపెట్టాడు.

ఎనిమిదో శనివారం పదిన్నరకి అక్కణ్నుంచే మరిదికి వీడియో కాల్ చేశాం. వెనక జనం, పొగ, కేకలు చూపించి, "దుప్పట్లు కప్పుకున్నామా?" అని అడిగాను. వాడు గచ్చిబౌలి ట్రాఫిక్‌లో కార్లో కూర్చుని ఉన్నాడు, గంట నుంచీ అక్కడే ఉన్నాడట. తర్వాతసారి వచ్చినప్పుడు గుంటూరు తీసుకెళ్లమన్నాడు, బ్రాడీపేటలో ఏవో కొత్తవి తెరిచారట. సరే అని ఫోన్ పెట్టేశాను. అత్తయ్య బాదంపాల గ్లాసు అడుగున జీడిపప్పు వేలితో తీసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"గుంటూరుకైతే డిక్కీలో ఇంకో కుర్చీ పడుతుందేమో చూడరా. గుణదల ఆవిణ్ని కూడా రమ్మన్నాను."